థ్రిల్లర్లు, ప్రేమ నవలలు, తారల ఆత్మకథలు: పది పుస్తకాల డబ్బుతో ఏవి కొనాలి

కావలి నుంచి నెల్లూరుకు రోజూ రైల్లో ఉద్యోగాలకు వెళ్ళొచ్చే ఎనిమిదిమంది కలిసి, నెలకింత అని వేసుకుని ఇంగ్లీషు పుస్తకాలు కొని ఒకరి తర్వాత ఒకరు చదువుతున్నామని రాశారు. ఏడాదికి పది పుస్తకాలకు డబ్బు సరిపోతుందన్నారు. ఇన్‌స్టాలో చూసి కొన్న థ్రిల్లర్లు మొదట పరుగులు పెట్టించి చివర్లో ఉసూరుమనిపిస్తున్నాయి, ప్రేమ నవలలు ఇంట్లో ఇంటర్ చదివే పిల్లల చేతికి ఇవ్వొచ్చో లేదో తెలియడం లేదు, సెలబ్రిటీల ఆత్మకథల్లో వాళ్ళు నిజంగా రాసింది ఎంతో అనుమానంగా ఉంది అన్నవి మీ మూడు ఇబ్బందులు. మూడింటికీ నా అభిప్రాయం దాచకుండా చెబుతాను. కథల ముగింపులు మాత్రం చెప్పను.

ముందు మీ చదువు సాగే చోటు గురించి. కావలి నుంచి నెల్లూరు సుమారు 50 కిలోమీటర్లు. సీటు దొరికి, పలకరింపులయ్యి, పుస్తకం తెరిచేసరికి మీకు మిగిలేది అరగంట, ముప్పావుగంట. ఆ సమయంలో ఇంగ్లీషు అలవాటున్న మనిషి ఇరవై నుంచి పాతిక పేజీలు చదువుతారు. అందుకని పుస్తకం మంచిదా కాదా అన్నదానితో పాటు, దాని అధ్యాయం ఎంత పొడవన్నది కూడా మీరు చూసుకోవాలి. నాలుగైదు పేజీల అధ్యాయాలున్న పుస్తకం రైల్లో ఎక్కడైనా ఆపొచ్చు. ముప్పై పేజీల అధ్యాయం మధ్యలో నెల్లూరు వచ్చేస్తే సాయంత్రం మళ్ళీ వెనక్కి తిప్పాల్సి వస్తుంది. మంచి పుస్తకాలు కూడా కొన్నిసార్లు ఈ కారణానికే సగంలో ఆగిపోతాయి, తప్పు పుస్తకం మీద పడుతుంది.

ఇక థ్రిల్లర్లు. చివర్లో ఉసూరుమనిపించడానికి కారణం చాలావరకు చివర్లో ఉండదు, మొదటి సగంలోనే ఉంటుంది. అపరాధ కథ రాసే మనిషికీ చదివే మనిషికీ మధ్య పైకి చెప్పుకోని ఒప్పందం ఒకటి ఉంది: దోషి ఎవరో నేను దాస్తాను, కానీ కనిపెట్టడానికి కావలసిందంతా నీ కళ్ళెదుటే పెడతాను. ఈ ఒప్పందం నిలబెట్టిన నవలలో ముగింపు తెలిశాక మొదటి యాభై పేజీలు మళ్ళీ తిప్పితే, ప్రతి చిన్న మాటకూ రెండో అర్థం కనిపిస్తుంది. నిలబెట్టని నవలలో అదే యాభై పేజీలు ముగింపుతో సంబంధం లేకుండా పడి ఉంటాయి. ఒక రచయిత రెండో పుస్తకం కొనాలా వద్దా అని తేల్చుకోవడానికి నాకు తెలిసిన గట్టి పరీక్ష ఇదే. పది నిమిషాలు చాలు.

ఒప్పందం ఎక్కువగా తప్పేది కథ ‘నేను’ అంటూ నడిచినప్పుడు. చెప్పే మనిషికి ఒక సంగతి తెలుసు, ఆ సంగతి గురించి ఆమె రోజూ ఆలోచిస్తూనే ఉంటుంది, అయినా మనకు మాత్రం 250వ పేజీ దాకా చెప్పదు. ఎందుకు చెప్పదు అన్నదానికి కథలో కారణం లేకపోతే, దాచింది పాత్ర కాదు, రచయిత అని చదివేవాళ్ళకు తెలిసిపోతుంది. గిలియన్ ఫ్లిన్ 2012లో రాసిన ‘గాన్ గర్ల్’ ఈ చిక్కును బాగా విప్పుకుంది. పెళ్ళయిన అయిదేళ్ళ రోజున భార్య కనిపించకుండా పోతుంది. భర్త చెప్పే కథ, భార్య డైరీ ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటాయి. ఇద్దరూ దాస్తారు, ఇద్దరికీ దాచడానికి సొంత కారణాలున్నాయి, ఆ కారణాలు వాళ్ళ స్వభావంలోంచే పుట్టాయి. దాని తర్వాత ఆ దారిలో వచ్చిన నవలలకు లెక్కలేదు. వాటిలో చాలా వాటికి దాచడం అబ్బింది, కారణం అబ్బలేదు.

మీరు పేరు చెప్పి అడిగిన ‘ద హౌస్‌మెయిడ్’ ఫ్రీడా మెక్‌ఫాడెన్ 2022లో రాసింది. ఆమె వృత్తి రీత్యా వైద్యురాలు, ఆ పేరు కలం పేరు. జైలు నుంచి వచ్చి, పెరోల్ మీద ఉన్న మిల్లీ అనే అమ్మాయి ఒక డబ్బున్న ఇంట్లో పనికి చేరుతుంది. అటకమీద గది ఇస్తారు, ఆ గదికి గడియ బయటివైపే ఉంటుంది. ఈ ఒక్క వివరం చాలా తెలివైనది, మొదటి వంద పేజీలనూ అదే మోస్తుంది. భాష తేలిక, అధ్యాయాలు చిన్నవి, రైలుకు సరిగ్గా సరిపోతుంది. సగం దాటాక కథ చెప్పే గొంతు మారే చోట నవల బలం పెరుగుతుంది. బలహీనత ఆ తర్వాత: మనుషులు మంచీ చెడూ అని రెండు గంపల్లో పడిపోతారు, చివరి అధ్యాయాల్లో జరిగేవాటికి పోలీసుల స్పందన నమ్మించదు. ఒకసారి చదవడానికి కొనండి. దాని తర్వాతి భాగాలు 2023లో ఒకటి, 2024లో ఒకటి వచ్చాయి, వాటికి మీ పదిలో చోటు ఇవ్వకండి. అదే మనిషి, అదే తరహా ఇల్లు, అదే తరహా అనుమానం. మొదటిదానికి ఉన్న కొత్తదనం రెండోసారి రాదు.

అలెక్స్ మైఖెలిడీస్ ‘ద సైలెంట్ పేషెంట్’ 2019 నాటిది, ఇప్పటికీ అందరూ అందరికీ చెబుతున్నారు. చిత్రకారిణి అలీసియా భర్త ముఖం మీద అయిదుసార్లు కాల్చి, ఆ తర్వాత ఒక్క మాట కూడా మాట్లాడదు. ఆమెతో మాట్లాడించాలని ఒక సైకోథెరపిస్ట్ పంతం పడతాడు. దీని మలుపు మెచ్చుకోదగ్గదే, పైన చెప్పిన పరీక్షకు చాలావరకు నిలుస్తుంది. నాకు అభ్యంతరం వైద్యం దగ్గర. థెరపిస్ట్ రోగి బంధువుల ఇళ్ళకు తిరుగుతూ డిటెక్టివ్ పని చేస్తాడు, ఆసుపత్రిలో అడిగేవాళ్ళు అంతంతమాత్రం. కథకు అది కావాలి సరే. మానసిక చికిత్స అంటే ఇలాగే ఉంటుందని మాత్రం ఎవరూ అనుకోకూడదు. మీలో ఇద్దరు నర్సింగ్‌లో ఉన్నారన్నారు కాబట్టి వాళ్ళకు ఈ భాగాలు గుచ్చుకుంటాయి. చర్చకు అదే మంచి విషయమవుతుంది.

ఈ జాబితాలో నేను మొదట కొనమనేది కొత్త పుస్తకం కాదు, జపాన్ రచయిత కీగో హిగాషినో నవల ‘ద డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్’. జపనీస్‌లో 2005లో, ఇంగ్లీషులో 2011లో వచ్చింది. హత్య ఎవరు చేశారో మొదట్లోనే చెప్పేస్తాడు. లంచ్‌బాక్సుల దుకాణంలో పనిచేసే తల్లి, ఆమె కూతురు, వేధించే మాజీ భర్త, పక్క ఫ్లాట్‌లో ఉండే లెక్కల మాస్టారు. దోషి ఎవరో తెలిసిపోయాక ఇంకేముంది చదవడానికి అంటారా? మాస్టారు ఏం చేశాడన్నది మనకు తెలుసనుకుంటాం, అక్కడే ఉంది అసలు సంగతి. దాచింది అంటూ ఏమీ లేదు, అంతా పేజీ మీదే ఉంటుంది, మనమే తప్పు చోట చూస్తాం. ఒప్పందం నిలబెట్టడం అంటే ఇది. అనువాదంలో వాక్యాలు చిన్నవి, నిఘంటువు అవసరం దాదాపు రాదు, తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్ళు కూడా హాయిగా చదవగలరు. చదవడం మొదలుపెట్టేముందు పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. కుసనాగి పోలీసు, యుకావా భౌతికశాస్త్రం ప్రొఫెసర్, ఇషిగామి లెక్కల మాస్టారు, యసుకో తల్లి. జపాన్ పేర్లు కలగలిసిపోయి పుస్తకం పక్కన పెట్టేసేవాళ్ళు చాలామంది ఉంటారు, ఆ కాగితం ఉంటే రెండు రోజుల్లో అలవాటైపోతుంది.

లిజ్ మూర్ 2024లో రాసిన ‘ద గాడ్ ఆఫ్ ద వుడ్స్’ ఈ మధ్య వచ్చినవాటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది. 1975 ఆగస్టులో అమెరికా అడవుల్లోని ఒక వేసవి శిబిరం నుంచి పదమూడేళ్ళ అమ్మాయి మాయమవుతుంది. ఆ శిబిరం ఉన్న భూమి ఆమె కుటుంబానిదే. పద్నాలుగేళ్ళ క్రితం ఆమె అన్న కూడా అక్కడే కనిపించకుండా పోయాడు. పైకి ఇది తప్పిపోయిన పిల్లల కథ, లోపల చూస్తే డబ్బున్న ఇంటికీ ఆ ఇంటి మీద ఆధారపడి బతికే ఊరికీ మధ్య లెక్కల కథ. పెద్ద రైతుల ఇళ్ళూ, ఆ ఇళ్ళ చుట్టూ బతికే కుటుంబాలూ తెలిసిన మన జిల్లాల పాఠకులకు, ఎవరి మాటను పోలీసులు వింటారు, ఎవరి మాటను వినరు అన్న భాగం ప్రత్యేకంగా వివరించనక్కర్లేదు. కష్టం రెండు చోట్ల ఉంది. పుస్తకం 500 పేజీలకు దగ్గరగా ఉంటుంది. కాలాలు ముందుకీ వెనక్కీ వెళ్తుంటాయి. ప్రతి భాగం మొదట్లో ఏ సంవత్సరమో ఇస్తారు, అది చూడకుండా తిప్పేస్తే నలభై పేజీల తర్వాత ఏమీ అర్థం కాదు. దసరా, సంక్రాంతి సెలవుల్లో ఇంట్లో చదవాల్సిన పుస్తకమిది.

రిచర్డ్ ఆస్మన్ ‘ద థర్స్‌డే మర్డర్ క్లబ్’ 2020 నాటిది. రిటైరైన నలుగురు, ఎలిజబెత్, జాయిస్, ఇబ్రహీం, రాన్, ప్రతి గురువారం కూర్చుని పాత హత్య కేసులు విప్పుతుంటారు. నెత్తురు తక్కువ, స్నేహం ఎక్కువ. వయసు మీదపడటం గురించి, మతిమరుపు జబ్బుతో ఉన్న భర్తను చూసుకోవడం గురించి ఇందులో ఉన్న పేజీలు చాలా నిజాయితీగా ఉన్నాయి. చిక్కు మాత్రం వదులుగా ఉంటుంది, చివరికి వచ్చేసరికి దోషులు ఎక్కువవుతారు. పైగా ఇంగ్లండు సూపర్ మార్కెట్ల పేర్లు, టీవీ కార్యక్రమాల మీద ఛలోక్తులు మనకు సగం అందవు. ఇంట్లో రిటైరైన అమ్మగారో మామగారో ఇంగ్లీషు చదివేవాళ్ళుంటే వాళ్ళ కోసం కొనండి.

దుకాణంలో నిలబడి థ్రిల్లర్‌ను ఎంచే పద్ధతి చెబుతాను. వెనక అట్ట మీద ‘ఊహించలేని మలుపు’ అని మాత్రమే ఉండి కథ గురించి రెండు వాక్యాలు కూడా లేకపోతే అనుమానించండి. మధ్యలో ఎక్కడో తెరిచి వరసగా మూడు అధ్యాయాల చివరి వాక్యాలు చదవండి. మూడూ తలుపు చప్పుడుతోనో, ఫోన్ మోగడంతోనో, ‘అప్పుడు నాకు కనిపించింది’ తరహాలోనో ఆగితే, ఆ నవల పాత్రల బలంతో కాక అధ్యాయాన్ని ఉత్కంఠ దగ్గర తెంచేసే కోతల బలంతో నడుస్తోందని అర్థం. వారపత్రికల సీరియళ్ళు చదివి పెరిగినవాళ్ళకు ఈ కోత కొత్త కాదు. వారం వారం ఆపడానికి అది అవసరం, నాలుగు పేజీలకొకసారి అవసరం లేదు. ఆ తర్వాత చివరి ముప్పై పేజీలను చదవకుండా చూపు మాత్రం సారించండి. ఒకే పాత్ర పేజీలకు పేజీలు కొటేషన్లలో మాట్లాడుతూ ఉంటే అది ఒప్పుకోలు ఉపన్యాసం. కథ నడుస్తున్నప్పుడు పేర్చాల్సినవి పేర్చకుండా వదిలేసి, చివర్లో ఒక నోటి గుండా కక్కించారన్నమాట. ఆన్‌లైన్‌లో కొనేట్టయితే ఈ-బుక్ నమూనా ఉచితంగా దించుకోండి, మామూలుగా మొదటి పదోవంతు దాకా వస్తుంది. మనుషులు ఎలా మాట్లాడుకుంటున్నారో చూడటానికి అది చాలు.

ప్రేమ నవలలకు వద్దాం. మీ గుంపులో యద్దనపూడి సులోచనారాణి నవలలు కంఠతా వచ్చినవాళ్ళున్నారన్నారు. అయితే ఇంగ్లీషు ప్రేమ నవలల నిర్మాణం మీకు తెలిసినదే. ఇద్దరు కలుస్తారు, గొడవపడతారు, దగ్గరవుతారు, ముప్పావు వంతు దాటాక విడిపోతారు, చివరికి కలుస్తారు. కలుస్తారని ముందే తెలుసు, అది తప్పు కాదు. నవల విలువ ఆ విడిపోవడం దగ్గర తేలుతుంది. ఒక్క ఫోన్ చేస్తే తీరిపోయే అపార్థం మీద విడదీస్తే చదివేవాళ్ళకు ఒళ్ళు మండుతుంది. విడిపోవడానికి కారణం ఆ ఇద్దరి స్వభావాల్లోనే ఉంటే, తప్పు ఎవరిదీ కాకపోయినా గుండె పట్టేస్తుంది. ‘సెక్రటరీ’లో జయంతి, రాజశేఖరంల మధ్య అడ్డు ఆమె ఆత్మాభిమానం. అందుకే ఆ అపార్థాలను ఇన్ని తరాల పాఠకులు క్షమించారు.

ఈ లెక్కన ఎమిలీ హెన్రీ ‘బుక్ లవర్స్’ మీకు కొనదగ్గది. 2022లో వచ్చింది. నోరా రచయితల తరఫున ప్రచురణకర్తలతో మాట్లాడే ఏజెంటు, చార్లీ ఎడిటరు. ఇద్దరూ పనిమంతులు, ఇద్దరికీ ఇంటి బాధ్యతలున్నాయి. వాళ్ళ మధ్య అడ్డు నిలిచేది ఆ బాధ్యతలే. అంతకన్నా బాగున్నది నోరాకూ, గర్భవతి అయిన ఆమె చెల్లెలు లిబ్బీకీ మధ్య నడిచే కథ. తల్లి పోయాక చెల్లెలికి తల్లిగా మారిన అక్క, ఆ పాత్రలోంచి బయటికి రాలేకపోవడం. సంభాషణలు వేగంగా, చురుకుగా ఉంటాయి, అమెరికా ప్రస్తావనలు కొన్ని అందకపోయినా కథ ఆగదు.

కొలీన్ హూవర్ ‘ఇట్ ఎండ్స్ విత్ అస్’ గురించి స్పష్టంగా చెప్పాలి. 2016లో వచ్చింది, 2024లో సినిమా అయ్యాక మళ్ళీ ఊపందుకుంది. అట్ట మీద పువ్వులు, లోపల భార్యను కొట్టే భర్త. లిల్లీ తండ్రి ఆమె తల్లిని కొట్టేవాడు. లిల్లీ ప్రేమించి పెళ్ళాడిన డాక్టరు రైల్ కూడా అదే మనిషని మెల్లగా తేలుతుంది. తన తల్లి జీవితం దీనికి ప్రేరణ అని రచయిత్రి చివరి మాటలో రాసింది. చదువు, జీతం ఉన్న ఆడమనిషి ఎందుకు వెంటనే బయటికి రాదు అన్న ప్రశ్నకు నవల నిజాయితీగా జవాబిస్తుంది: మొదటి దెబ్బను ప్రమాదమనుకోవడం, రెండోదానికి కారణం వెతకడం, మూడోసారికి భయం. ఈ క్రమాన్ని ఆమె బాగా పట్టుకుంది. నాకు నచ్చనిది, రైల్‌ను మొదటి సగంలో కలల రాకుమారుడిలా మెరిపించిన తీరు. అతని కోపాన్ని కూడా ఆకర్షణగానే చూపించే పేజీలున్నాయి, పదహారేళ్ళ పిల్ల వాటిని హెచ్చరికగా కాక ప్రేమగా చదివే ప్రమాదం ఉంది. పైగా శృంగార దృశ్యాలు బాహాటంగా ఉంటాయి, బలాత్కార ప్రయత్నం కూడా ఉంది. మీ ఎనిమిదిమందికీ కొనండి. ఇంటర్ పిల్లలకు ఇవ్వకండి. డిగ్రీకి వచ్చిన కూతురు చదివితే, చదివాక కూర్చుని మాట్లాడండి. 2022లో వచ్చిన రెండో భాగం ‘ఇట్ స్టార్ట్స్ విత్ అస్’ అవసరం లేదు. అభిమానులు అడిగారని రాసిన పుస్తకంలాగే ఉంటుంది.

పిల్లల విషయంలో అందరూ బోల్తాపడే చోటు అట్ట. ఇప్పటి ప్రేమ నవలలకు ముచ్చటైన కార్టూన్ బొమ్మల అట్టలు వేస్తున్నారు, చూడగానే పిల్లల పుస్తకం అనిపిస్తుంది. ఆలీ హేజల్‌వుడ్ ‘ద లవ్ హైపోథిసిస్’ (2021) అట్ట మీద ల్యాబ్‌లో ముద్దుపెట్టుకుంటున్న జంట బొమ్మ ఉంటుంది. లోపల పీహెచ్‌డీ విద్యార్థిని, ప్రొఫెసరు ప్రేమికులుగా నటించే సరదా కథ, కానీ పెద్దలకే తగిన అధ్యాయం ఒకటి పూర్తి వివరంగా ఉంది. రెబెకా యారోస్ ‘ఫోర్త్ వింగ్’ (2023) మీద డ్రాగన్లు చూసి మాయాజాల కథ అనుకుని పిల్లలకు కొనిస్తున్నారు. అది కూడా పెద్దలదే, శృంగారమూ చావులూ రెండూ ధారాళం. కథగా చూస్తే ‘ఫోర్త్ వింగ్’ ఉరకలు వేస్తుంది, యుద్ధ కళాశాల నియమాలు ఆసక్తిగా అల్లింది. అయితే ఇది అయిదు పుస్తకాల వరసగా అనుకున్నది, మూడోది 2025 జనవరిలో వచ్చింది. ఒక్కటి కొంటే మిగతావి కొనక తప్పదు, మీ ఏడాది డబ్బులో సగం అక్కడికే పోతుంది. ఎవరికైనా అంత ఇష్టమైతే సొంతంగా కొనుక్కోమనండి.

ఇక ఆత్మకథలు. ఎవరు రాశారన్న మీ అనుమానం న్యాయమైనదే. తారల పుస్తకాల్లో చాలావాటి వెనక వేరే రచయిత ఉంటారు. అది మోసమేమీ కాదు, ఆ మనిషికి ఎంత నైపుణ్యం ఉందన్నదే ముఖ్యం. ప్రిన్స్ హ్యారీ ‘స్పేర్’ (2023) వెనక ఉన్న జె.ఆర్. మోరింగర్, టెన్నిస్ ఆటగాడు ఆండ్రీ అగాసీ ‘ఓపెన్’ (2009) వెనక కూడా ఉన్నాడు. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే చాలా నేర్చుకోవచ్చు. ‘ఓపెన్’లో అగాసీ తనకు టెన్నిస్ అంటే అసహ్యమని చెబుతాడు, బంతులు విసిరే యంత్రాన్ని తనకు కావలసినట్టు మార్చి కొడుకును దాని ముందు నిలబెట్టిన తండ్రి గురించి చెబుతాడు, తలమీద విగ్గు గురించీ, డ్రగ్స్ విషయంలో తాను ఆడిన అబద్ధం గురించీ చెబుతాడు. చెప్పిన ప్రతిదీ తన పరువు తగ్గించేదే, అందుకే నమ్మకం పెరుగుతుంది. ‘స్పేర్’లో తల్లి చావు గురించిన మొదటి భాగం నిజంగా కదిలిస్తుంది. పన్నెండేళ్ళ పిల్లవాడు అమ్మ ఎక్కడో దాక్కుందని, తిరిగొస్తుందని ఏళ్ళ తరబడి నమ్మడం మరచిపోలేం. తర్వాత తర్వాత పుస్తకం ఫిర్యాదుల పట్టీ అవుతుంది. అన్న అన్నమాటలు, పత్రికలు రాసిన రాతలు, ఎవరు ఏ గది తీసుకున్నారు. ఇతరుల తప్పులు పొడుగ్గా, తన తప్పులు పొట్టిగా ఉన్నాయి. ఆత్మకథను తూచడానికి నేను పెట్టుకున్న కొలత ఇదే: రచయిత తనకు నష్టం కలిగించే సంగతి ఏదైనా చెప్పారా, చెప్పి దాని పర్యవసానం దగ్గర కాసేపు నిలబడ్డారా, లేక ఒక వాక్యంలో దాటేశారా?

ఆ కొలతకు నూటికి నూరు నిలిచేది జెన్నెట్ మెక్‌కర్డీ 2022 పుస్తకం ‘అయామ్ గ్లాడ్ మై మామ్ డైడ్’. పేరు చూసి మన ఇళ్ళలో ముఖం చిట్లిస్తారు, నాకు తెలుసు. మెక్‌కర్డీ టీవీలో బాలనటి. కుటుంబానికి ఆమె సంపాదనే ఆధారం. పదకొండేళ్ళ వయసులో శరీరం ఎదగకుండా తిండి ఎలా తగ్గించుకోవాలో తల్లే నేర్పింది. తల్లి 2013లో క్యాన్సర్‌తో పోయింది. ఈ పుస్తకంలో గొప్పదనం గొంతులో ఉంది. చిన్నప్పటి అధ్యాయాలు చిన్నపిల్ల నోటితోనే నడుస్తాయి, ఆ పిల్లకు అమ్మంటే ప్రాణం. అమ్మ చేస్తున్నది తప్పని పిల్లకు తెలియదు, మనకు తెలుస్తుంది. పెద్దయ్యాక వెనక్కి తిరిగి తీర్పు చెప్పడం కన్నా ఇది ఎన్నో రెట్లు కష్టమైన రాత. మార్కుల కోసం, ర్యాంకుల కోసం పిల్లల్ని హాస్టళ్ళలో పెట్టి, పిల్లల కలలూ తమ కలలూ ఒకటేననుకునే తల్లిదండ్రులు నెల్లూరు, ఒంగోలు నిండా ఉన్నారు. మీ గుంపులో గట్టి చర్చ నడిచేది ఈ పుస్తకం మీదే. అధ్యాయాలు రెండు మూడు పేజీలు, ఇంగ్లీషు చాలా తేలిక. తిండికి సంబంధించిన రుగ్మతల వర్ణన వివరంగా ఉంది, ఆ సమస్య ఉన్న అమ్మాయి ఇంట్లో ఉంటే పుస్తకం ఆమెకు అందేచోట పెట్టకండి.

అమెరికా పాప్ గాయని బ్రిట్నీ స్పియర్స్ ‘ద వుమన్ ఇన్ మీ’ (2023) చిన్నది, చప్పున అయిపోతుంది. 2008 నుంచి 2021 దాకా ఆమె డబ్బు, శరీరం, పిల్లల్ని కలవడం చాలావరకు తండ్రి చేతిలో పెట్టిన కోర్టు ఏర్పాటు గురించిన భాగం తప్పకుండా చదవాలి. ఆస్తి సంరక్షణ పేరుతో ఒక పెద్ద మనిషిని మైనరుగా ఎలా మార్చవచ్చో తెలుస్తుంది. మిగతాది పత్రికల్లో వచ్చినదే, పైపైన పోతుంది. ‘ఫ్రెండ్స్’ టీవీ సీరియల్ నటుడు మాథ్యూ పెర్రీ పుస్తకం ‘ఫ్రెండ్స్, లవర్స్, అండ్ ద బిగ్ టెరిబుల్ థింగ్’ 2022 నవంబరులో వచ్చింది, ఏడాది తిరగకుండానే 2023 అక్టోబరులో ఆయన చనిపోయారు. వ్యసనం గురించి అంత దగ్గరగా చెప్పినవాళ్ళు తక్కువ, కానీ చెప్పిందే మళ్ళీ మళ్ళీ వస్తుంది, కాలక్రమం చెదిరిపోయి ఉంటుంది. ఇంట్లో తాగుడు సమస్య చూసినవాళ్ళకు ఉపయోగం, మిగతావాళ్ళు వదిలేయొచ్చు.

మన వైపు నుంచి రెండు చెబుతాను. అరుంధతీ రాయ్ 2025లో తల్లి గురించి రాసిన ‘మదర్ మేరీ కమ్స్ టు మీ’ సినిమాతారల ఆత్మకథల కోవలోది కాదు గానీ, పదిలో ఉండాల్సిందే. తల్లి మేరీ రాయ్ కేరళ సిరియన్ క్రైస్తవ స్త్రీలకు ఆస్తి హక్కు కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1986లో గెలిచిన మనిషి, స్కూలు స్థాపించిన మనిషి, పిల్లల పట్ల మాత్రం భయంకరంగా ప్రవర్తించిన మనిషి. ఈ మూడింటినీ ఒకదానితో ఒకటి కొట్టేయకుండా రాయడం ఎంత కష్టమో పుస్తకం చదివితే తెలుస్తుంది. ఇంగ్లీషు కొంచెం బరువు, తొందరపడకుండా చదవాలి. రెండోది తెలుగులోనే ఉంది, భానుమతీ రామకృష్ణ ‘నాలో నేను’. ఆమె మన ఒంగోలు దగ్గరి దొడ్డవరం మనిషి. నటి, గాయని, దర్శకురాలు, స్టూడియో యజమాని, కథకురాలు. తన గురించి తాను చెప్పుకోవడానికి వేరే కలం అవసరం లేని తార. ఇప్పటి ఆత్మకథల్లో దొరకని ధీమా, సూటిదనం అందులో ఉన్నాయి. కొత్త ప్రతి దొరక్కపోతే గ్రంథాలయాల్లో అడగండి.

పుస్తకం వెనక ఎవరున్నారో తెలుసుకోవడానికి చివర కృతజ్ఞతల పేజీ చూడండి. ‘నా గొంతును కనిపెట్టడంలో సాయపడిన’ అనో, ‘ఈ పనిలో తోడున్న’ అనో ఒక పేరు ఉంటుంది, సాధారణంగా రాసింది వాళ్ళే. కొన్నిటికి అట్ట మీదే రెండో పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది.

కొనడం గురించి రెండు జాగ్రత్తలు. మన దేశపు పేపర్‌బ్యాకులు మామూలుగా 300 నుంచి 500 రూపాయల మధ్య దొరుకుతాయి. కొత్తగా వచ్చిన హార్డ్‌కవర్ ఆత్మకథలు 800 దాటుతాయి, ఏడాది ఆగితే వాటికి పేపర్‌బ్యాక్ వస్తుంది. బస్టాండ్ల దగ్గర 150కి అమ్మేవి చాలావరకు దొంగ ముద్రణలు. గుర్తుపట్టడం తేలిక: కాగితం పలచగా ఉండి వెనక పేజీ అక్షరాలు కనిపిస్తాయి, అట్ట మీద ఉబ్బెత్తుగా ఉండాల్సిన పేరు చదునుగా ఉంటుంది, అక్షరాలు ఫొటోకాపీలా మసకగా ఉంటాయి, పుస్తకం పూర్తిగా తెరిస్తే వెన్ను జిగురు విడుతుంది. రచయితకు నష్టం ఎలాగూ ఉంది, మీకూ ఉంది. పుస్తకాలు మామూలుగా 16 పేజీల ఫారాలుగా అచ్చవుతాయి. దొంగ ప్రతుల్లో ఒక ఫారం ఎగిరిపోవడం, అదే ఫారం రెండుసార్లు కుట్టడం తరచూ జరుగుతుంది. థ్రిల్లర్‌లో 16 పేజీలు పోతే ఇక చదవడానికి ఏమీ లేదు. ఎక్కడ కొన్నా సరే, డబ్బిచ్చే ముందు పేజీ నంబర్లు ఒకసారి వరసగా తిప్పి చూసుకోండి.

ఎనిమిదిమంది చేతులు మారాలి కాబట్టి థ్రిల్లర్‌కు వారం, ప్రేమ నవలకు పది రోజులు, ఆత్మకథకు పదిహేను రోజులు గడువు పెట్టుకోండి. ఒకేసారి నాలుగు పుస్తకాలు తిరుగుతుంటే ఎప్పుడూ సగంమంది చేతుల్లో పుస్తకం ఉంటుంది. థ్రిల్లర్ గురించి రైల్లో మాట్లాడటం ఎనిమిదోవారు చదివాకే. లేకపోతే చివరి ముగ్గురూ మలుపు విని ఊరుకుంటారు, పుస్తకం తెరవరు.

మొదటి విడత నాలుగూ ఇవి తెప్పించండి: ‘సస్పెక్ట్ ఎక్స్’, ‘బుక్ లవర్స్’, మెక్‌కర్డీ పుస్తకం, ‘ద హౌస్‌మెయిడ్’. నాలుగూ తేలిక ఇంగ్లీషు, నాలుగూ రైలుకు సరిపోయేవి, ఎవరి అభిరుచి ఎటో కూడా వీటితో తేలిపోతుంది. రెండో విడతలో ‘ఓపెన్’, ‘ఇట్ ఎండ్స్ విత్ అస్’, ‘ద సైలెంట్ పేషెంట్’. ‘ద గాడ్ ఆఫ్ ద వుడ్స్’, అరుంధతీ రాయ్ పుస్తకం సెలవుల ముందు. పదోది ‘నాలో నేను’, అది గ్రంథాలయంలో దొరికితే ఆ డబ్బుతో ఆస్మన్ కొనుక్కోండి. ‘స్పేర్’ మాత్రం కొనకండి, ఎవరి దగ్గరైనా ఉంటే అడిగి మొదటి భాగం చదివి ఇచ్చేయండి.